జిన్‌కి జునిపర్ కాయలు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జిన్ అనే మద్యానికి ప్రాణం జునిపర్ కాయ. మిగతా దినుసులు ఎన్ని వేసినా కాయ బాగోకపోతే సీసాలో జిన్ ఉండదు, వాసన వేసిన వోడ్కా ఉంటుంది. కొనేవాళ్లు మాత్రం సంచి మీద దేశం పేరు చూసి డబ్బు పెడుతున్నారు, కాయ ఏ జాతిది, ఏ ఏడు పంట అన్నది అడగడం లేదు. పదే పదే వచ్చే సందేహాలను పని జరిగే వరసలో ఇక్కడ పెట్టాం. ఎవరికి ఏది కావాలో అది చదువుకోవచ్చు.

## కొనక ముందు

జునిపర్ బెర్రీ నిజంగా పండేనా?

కాదు. సైప్రస్ కుటుంబానికి చెందిన పొద అది. పైన్ చెట్టుకు కాసే కోన్ లాంటిదే ఈ కాయ కూడా. కాకపోతే దీని పొలుసులు కండపట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కాయ కొసన సన్నటి మూడు గీతలు కలిసే గుర్తు కనిపిస్తుంది, ఆ మూడు పొలుసులు కలిసిన చోటు అదే. కాయ పూర్తిగా పండడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి ఒకే కొమ్మకు పచ్చివీ పండినవీ పక్కపక్కనే ఉంటాయి. ఇటలీలోని టస్కనీ కొండల్లో కొమ్మ కింద వెడల్పాటి బుట్ట పట్టి కర్రతో కొడతారు. పండినవి రాలతాయి, పచ్చివి చాలామటుకు కొమ్మకే ఉంటాయి. పంట ఎక్కువగా అడవి పొదల నుంచే వస్తుంది. ధర, నాణ్యత ఏటికేడు మారడానికి ముఖ్య కారణం ఇదే.

జునిపర్‌లో చాలా జాతులున్నాయి కదా, ఏదైనా పరవాలేదా?

పరవాలేదు అనుకోకండి. జిన్‌కి వాడేది జునిపెరస్ కమ్యూనిస్ ఒక్కటే. యూరోపియన్ యూనియన్ 2019/787 నిబంధన జిన్‌కి ఈ జాతినే పేరు పెట్టి చెప్పింది. జునిపర్ రుచి ఉన్న ఇతర మద్యాలకు జునిపెరస్ ఆక్సిసెడ్రస్ అనే ఎర్రటి గోధుమరంగు కాయను కూడా ఒప్పుకుంటుంది కానీ జిన్‌కి కాదు. అసలు భయపడాల్సింది జునిపెరస్ సబీనాకి. అది విషపూరితం. తోటల్లో అందానికి పెంచుతారు, నీలం కాయలే కాస్తుంది. అందువల్ల విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఇంటిముందు పొదనో పార్కులో పొదనో చూసి కాయలు కోసుకోకూడదు. కమ్యూనిస్ ఆకులు సూదుల్లా ఉండి మూడేసి ఒక చుట్టుగా వస్తాయి, ఒక్కో ఆకు లోపలివైపు ఒకే తెల్ల చార ఉంటుంది. ఆకులు పొలుసుల్లా కొమ్మకు అంటుకుని ఉన్నాయంటే అది కమ్యూనిస్ కాదు.

ఆయుర్వేద మూలికల దుకాణంలో ‘హపుష’ అని అమ్ముతారు, అది వాడొచ్చా?

హపుష అంటే సంస్కృతంలో జునిపరే. ఉత్తరాదిన హౌబేర్ అంటారు. గోవాకు చెందిన నావ్ స్పిరిట్స్ హిమాలయ జునిపర్‌తో తీసే జిన్‌కి పెట్టిన పేరు కూడా ‘హపుష’. పేరు సరైనదే, దుకాణంలో సరకును మాత్రం పరీక్షించకుండా నమ్మకూడదు. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. ఒకటి, హిమాలయాల్లో కమ్యూనిస్‌తో పాటు జునిపెరస్ ఇండికా, రికర్వా, స్క్వామేటా లాంటివి పక్కపక్కనే పెరుగుతాయి, ఏరేటప్పుడు కలిసిపోవచ్చు. రెండు, గోనెసంచుల్లో తెరిచి పెట్టి నెలల తరబడి అమ్మే సరకులో నూనె ఎగిరిపోయి ఉంటుంది.

జాతి తేల్చుకోవడానికి చాకు చాలు. గుప్పెడు తీసి అందులో ఓ పది కాయలను అడ్డంగా కోయండి. కమ్యూనిస్‌లో సాధారణంగా మూడు గట్టి గింజలుంటాయి, అప్పుడప్పుడు రెండు. ఇండికా, రికర్వా, స్క్వామేటాల్లో ఒకటే పెద్ద గింజ. పదింట్లో నాలుగైదు ఒంటిగింజవి వచ్చాయంటే ఆ సరకు వద్దు. గింజల లెక్క సరిపోయినంత మాత్రాన అనుమానం మొత్తం తీరదు. పెద్ద మొత్తంలో కొనేవాళ్లు జాతిని నిర్ధారించే ప్రయోగశాల పత్రం అడగాలి.

మాసిడోనియా, టస్కనీ, హిమాలయం. వీటిలో ఏది మంచిది?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, జవాబు తక్కువగా ఉపయోగపడే ప్రశ్న కూడా ఇదే. బాంబే సఫైర్‌కి టస్కనీ కాయ వాడతారు, మన దేశపు గ్రేటర్ దాన్‌కి మాసిడోనియా కాయ. రెండూ చక్కటి జిన్‌లే. ప్రాంతం, ఎత్తు, ఆ ఏడు వాన, కోసిన నెల, వీటన్నిటిని బట్టి నూనె మారుతుంది. నూనెలోని వాసన పదార్థాల్లో ఆల్ఫా పైనీన్ ఎక్కువున్న కాయలో దేవదారు వాసన ముందుంటుంది. లిమొనీన్ పాలు పెరిగితే నిమ్మజాతి చాయ, మిర్సీన్ ఎక్కువైతే ఆకుపచ్చని బంకవాసన. హిమాలయ కాయలో మట్టివాసన, అడవిగుణం ఎక్కువని వాడేవాళ్లు చెబుతారు. నిరుటి పంట మాసిడోనియా కాయ, నాలుగేళ్లు గోదాములో పడున్న టస్కనీ కాయ ఎదురెదురుగా ఉంటే కళ్లు మూసుకుని మొదటిది తీసుకోండి.

అమ్మేవాళ్లను ఏమేం అడగాలి?

శాస్త్రీయనామం, కోసిన ఏడు, ఏ ప్రాంతం, ఎలా ఆరబెట్టారు, నూనె శాతం. ఈ అయిదింటికీ జవాబు రాకపోతే సరకు ఎన్ని చేతులు మారిందో వాళ్లకే తెలియదన్నమాట. నూనె విషయంలో ఒక గీటురాయి ఉంది: యూరోపియన్ ఫార్మకోపియా (మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథం) ప్రకారం ఎండు కాయలో కిలోకి కనీసం 10 మిల్లీలీటర్ల నూనె ఉండాలి. జిన్‌కి అంతకన్నా ఎక్కువ ఉంటేనే సుఖం. సంచి కొనే ముందు 100 గ్రాముల నమూనా తెప్పించుకోండి. అదే లాట్‌లోంచి సరకు పంపుతామని రాతపూర్వకంగా తీసుకోండి.

తాజా కాయలు వాడితే ఇంకా బాగుంటుందా?

కొమ్మ నుంచి కోసిన కాయలో నీరు ఎక్కువ, లాట్ లాట్‌కీ తేడా కూడా ఎక్కువ. డిస్టిలరీలు సాధారణంగా వాడేది నీడలో మెల్లగా ఆరబెట్టిన కాయనే. అది పూర్తిగా ఎండదు, వేలితో నొక్కితే ఇంకా మెత్తగానే ఉంటుంది. ఎక్కువ వేడితో ఆరబెడితే ముందు ఎగిరేది మనకు కావలసిన పైనీనే.

పచ్చి కాయలతో కూడా జిన్ చేస్తారంటారు, నిజమా?

నిజమే. ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో హెప్పిల్ జిన్‌కి పండిన కాయతో పాటు పచ్చి కాయ కూడా వాడతారు. వాళ్లు కావాలని విడిగా కోసుకుంటారు, లెక్క ప్రకారం వేస్తారు. మీరు కొన్న సంచిలో కలిసి వచ్చిన పచ్చి కాయలు అలాంటివి కావు, ఏరి పారేయండి.

## సరకు చేతికొచ్చాక

మంచి కాయను చూసి ఎలా గుర్తుపట్టాలి?

తెల్లకాగితం మీద ఓ పిడికెడు పోసి వెలుతురులో చూడండి. రంగు నీలంనలుపుగా, పైన పలచటి బూడిదరంగు పూతతో ఉండాలి. కాయ గుండ్రంగా ఉండి, అక్కడక్కడ చిన్న నొక్కులు మాత్రమే ఉండాలి. ముడతలు పడి మిరియంలా అయిపోతే బాగా పాతది. మొత్తం గోధుమరంగులోకి తిరిగినా పాతదే.

తర్వాత ఒక కాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. మొదట తోలులా సాగి, ఆ తర్వాత చితకాలి. చితికిన చోట వేళ్లకు బంక అంటాలి. సబ్బుతో ఒకసారి కడిగినా ఆ వాసన వేలిమీద కాసేపు నిలవాలి. టక్కున విరిగి పొడి రాలితే అందులో సరుకు లేదు. ఇప్పుడు ఇంకో కాయను కోసి లోపల చూడండి. గుజ్జు పచ్చగోధుమ రంగులో తడిగా మెరుస్తూ గింజల చుట్టూ అంటుకుని ఉండాలి. గింజలను గోటితో పైకి లేపితే వాటిమీదే చిన్న చిన్న బంకబుడిపెలు కనిపిస్తాయి. ఆ బుడిపెలు మెత్తగా ఉంటే కాయ తాజాది, గాజులా గట్టిపడి ఉంటే కాలం చెల్లింది.

కాయల మీద తెల్లని పొడి ఉంది, బూజు పట్టిందా?

అన్ని కాయలమీదా సమానంగా పలచగా ఉండి, వేలితో రుద్దితే పోయి కింద నిగనిగలాడే నలుపు బయటపడితే అది సహజమైన మైనపు పూత. ద్రాక్షమీద ఉండేదే. దూదిలా నూగుగా ఉన్నా, మూడు గీతల దగ్గరా తొడిమె దగ్గరా గుంపుగా పట్టినా, ముక్కిన వాసన వచ్చినా అది బూజు. ఈ కాయలో చక్కెర చాలా ఎక్కువ, ఎండు బరువులో దాదాపు మూడోవంతు దాకా ఉంటుంది. తడి తగిలితే బూజు పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు. బూజు పట్టినవి ఏరేసి మిగతావి వాడదాం అనుకోవద్దు, ఆ సంచి మొత్తం వెనక్కి పంపండి.

వాసన ఎలా ఉండాలి?

చితక్కొట్టిన వెంటనే దేవదారు చెక్క, ఆ వెనకే నిమ్మతొక్క, కొంచెం మిరియం, చివర తియ్యని బంకవాసన. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి రావాలి. పెయింటు కలిపే టర్పెంటైన్ ఒక్కటే గుప్పుమంటే పచ్చి కాయలో సూదులాకులో ఎక్కువ కలిశాయి, లేదా నూనె గాలి తగిలి చెడింది. అటుకుల డబ్బా లాంటి చప్పటి వాసన వస్తే నూనె పోయింది.

రెండు మూడు నమూనాలను పోల్చి చూడడం ఎలా?

ఒక్కో నమూనాలోంచి సరిగ్గా 5 గ్రాములు తూచి, ఒకే రీతిలో చితక్కొట్టి, 100 మిల్లీలీటర్ల సాదా వోడ్కాలో వేసి గాజుసీసాలో మూత బిగించి 24 గంటలు ఉంచండి. వడగట్టాక ఒక భాగానికి ఒక భాగం నీళ్లు కలపండి, వాసనలు అప్పుడే విడిపోయి తెలుస్తాయి. సీసాలకు అంకెలు వేసి, ఏది ఏదో తెలియని మనిషి చేత వాసన చూపించండి. నీళ్లు పోయగానే ఏది ఎక్కువ తెల్లబడిందో రాసుకోండి, అందులో నూనె ఎక్కువున్నట్టు. గ్లాసులను మూతేసి అరగంట వదిలి మళ్లీ చూడండి. మంచి కాయ అప్పటికీ నిలబడి ఉంటుంది.

పుల్లలు, ఆకులు ఏరాలా?

ఏరాలి. పుల్లలు చేదు తెస్తాయి, సూదులాకులు టర్పెంటైన్ ఘాటు తెస్తాయి. పిల్లరాళ్లు ఉంటే జల్లించండి. కడగకండి.

## నిల్వ

పాలిథిన్ కవరులో ఉంచితే ఏమవుతుంది?

నూనెలో ఉండే టర్పీన్‌లనే వాసన పదార్థాలు మామూలు పాలిథిన్‌లోంచి మెల్లగా బయటికి పోతాయి. అల్మరా తెరవగానే జునిపర్ గుమగుమలాడుతోందంటే ఆ వాసన కాయలోంచి పోయినట్టే. ఇంటికైతే బిగుతు మూత ఉన్న గాజుసీసా, డిస్టిలరీకైతే లోపల అల్యూమినియం పొర ఉన్న సంచి వాడండి. సీసాను నిండుగా నింపండి, ఖాళీ ఉంటే ఆ గాలే నూనెను పాడుచేస్తుంది.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల తేమకు చెడిపోవా?

తెరిచి పెడితే చెడిపోతాయి. వానాకాలంలో సంచి విప్పి పని చూసుకుని సాయంత్రం కట్టేస్తే చాలదు. కొన్న రోజే 250, 500 గ్రాముల పొట్లాలుగా విడదీసి విడివిడిగా సీలు వేయండి. అవసరమైన పొట్లమే విప్పండి. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, కానీ బయటికి తీశాక పొట్లం గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, తీస్తే కాయలమీద నీటిచెమ్మ పడుతుంది.

ఎన్నాళ్లు ఉంటాయి?

చల్లగా, చీకట్లో, గాలి తగలకుండా ఉంచితే కోసిన నాటి నుంచి రెండేళ్లు. హైదరాబాద్ ఎండాకాలంలో రేకుల గోదాములో పెడితే ఒక్క వేసవే చాలు పాడవడానికి.

## మోతాదు, వాడకం

లీటరు స్పిరిట్‌కి ఎన్ని గ్రాములు?

బట్టీ పట్టే జిన్‌కి, చివరికి 42.8 శాతం ఆల్కహాల్ దగ్గర సీసాలో పడే లీటరు లెక్కన 15 నుంచి 20 గ్రాములతో మొదలుపెట్టండి. జునిపర్ బలంగా ఉండాలంటే 25 దాకా వెళ్లొచ్చు. అంతకు మించితే నీళ్లు కలిపినప్పుడు తెల్లబడే ప్రమాదం పెరుగుతుంది. చెంచాలతో కొలవకండి. కాయ పరిమాణం, మెత్తదనం లాట్ లాట్‌కీ మారతాయి, తూకమే సరైనది.

మిగతా దినుసులతో నిష్పత్తి ఎంత?

బరువులో జునిపర్ రెండు పాళ్లయితే ధనియాలు ఒక పాలు, ఇక్కడినుంచి మొదలుపెడితే దారి తప్పరు. యాంజెలికా వేరు జునిపర్‌లో పదోవంతు, అతిమధురం అంతకన్నా తక్కువ. ఏలకుల దగ్గర చెయ్యి బిగించండి. మన ఏలకులు లీటరుకు రెండు కాయలు దాటితే జునిపర్ వెనక్కిపోయి పాయసం వాసన ముందుకొస్తుంది.

కాయలను నలగ్గొట్టాలా, అలాగే వెయ్యాలా?

బట్టీలో వేసేటప్పుడు మొత్తంగా వేసినా నూనె వస్తుంది, స్పిరిట్‌లో నానే సమయం ఇస్తే చాలు. రోట్లో ఒక దెబ్బ వేసి పగలనిస్తే త్వరగా, ఎక్కువగా వస్తుంది. మిక్సీలో పొడి చేయడం మాత్రం తప్పు. గింజ నలిగి చేదు దిగుతుంది, పొడి స్టిల్ (బట్టీ పట్టే పాత్ర) అడుగున అంటుకుని మాడుతుంది. ఒకసారి ఎంచుకున్న పద్ధతిని ప్రతి బ్యాచ్‌కీ అలాగే ఉంచండి.

ఎంత స్ట్రెంత్‌లో, ఎంతసేపు నానబెట్టాలి?

45 నుంచి 50 శాతం ఆల్కహాల్‌లో 12 నుంచి 24 గంటలు. బీఫీటర్ జిన్ వాళ్లు దినుసులన్నిటినీ 24 గంటలు నానబెట్టి బట్టీ పడతారు. నీళ్లు ఎక్కువున్న స్పిరిట్‌లో నూనె సరిగా దిగదు, చక్కెర, చేదు పదార్థాలు మాత్రం దిగుతాయి. బాంబే సఫైర్ పద్ధతి వేరు. అక్కడ దినుసులు స్పిరిట్‌లో మునగవు, ఆవిరి దారిలో బుట్టల్లో ఉంటాయి. ఆ పద్ధతిలో జిన్ రుచి తేలికపాటిగా వస్తుంది కాబట్టి కాయ మరింత తాజాగా ఉండాలి.

స్టిల్ లేకుండా, వోడ్కాలో నానబెట్టి చేయొచ్చా?

దాన్ని కాంపౌండ్ జిన్ అంటారు. 750 మిల్లీలీటర్ల సాదా వోడ్కాకి ఒక దెబ్బ వేసిన కాయలు 12 నుంచి 15 గ్రాములు, ధనియాలు 5 గ్రాములు వేసి 24 గంటలు ఉంచండి. చివరి ఆరు గంటలకు నిమ్మ లేదా నారింజ తొక్క వేయండి, పైరంగు మాత్రమే, లోపలి తెల్లపొర చేదు. పలచటి గుడ్డలో ఒకసారి, కాఫీ ఫిల్టర్ కాగితంలో ఒకసారి వడకట్టండి. లేత పసుపు రంగు వస్తుంది, అది తప్పు కాదు. ఇక్కడ బట్టీ అనే వడపోత లేదు కాబట్టి కాయలోని ప్రతి లోపమూ నాలుకకు తెలుస్తుంది. పాత కాయతో కాంపౌండ్ జిన్ అసలు చేయకండి.

ఇంట్లో చిన్న స్టిల్ పెట్టుకుని కాయొచ్చా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా మద్యం కాయడం నేరం, ఎంత కొంచెమైనా సరే. అమెరికాలో ఇంట్లో స్పిరిట్ కాయడం మీద ఫెడరల్ చట్టం పెట్టిన నిషేధం కోర్టుల్లో వివాదానికి గురైంది, బ్రిటన్‌లో లైసెన్సు కావాలి. సొంతానికి కాచుకోనిచ్చే దేశాల్లో న్యూజిలాండ్ ఒకటి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆల్కహాల్ ఆవిరి మూసిన వంటగదిలో నిప్పు అంటుకుంటే ఆపడం కష్టం.

జునిపర్ ఎవరికి పడదు?

గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు జునిపర్ కాయను దూరంగా ఉంచాలి. మద్యం లేని కషాయాలకూ ఇదే వర్తిస్తుంది.

## తేడా వచ్చినప్పుడు

నీళ్లు కలపగానే జిన్ పాలలా తెల్లబడింది, ఏం చేయాలి?

నూనె ఎక్కువైంది. బలమైన ఆల్కహాల్‌లో కరిగి ఉన్న నూనె, స్ట్రెంత్ తగ్గేసరికి కరగలేక చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది. విషం కాదు, చెడిపోనూ లేదు. ఈ బ్యాచ్‌ని కాపాడుకోవాలంటే అదే రకం న్యూట్రల్ (వాసన, రుచి లేని) స్పిరిట్ కలిపి నూనె పాలు తగ్గించండి, తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా, ఒకటి రెండు రోజుల మీద కలపండి. చల్లబరిచి ఫిల్టర్ చేస్తే తేటబడుతుంది కానీ వాసన కూడా కొంత పోతుంది, అది చివరి మార్గం. వచ్చే బ్యాచ్‌లో జునిపర్ పది శాతం తగ్గించండి, నిమ్మతొక్కల బరువు కూడా చూసుకోండి, చాలాసార్లు అసలు దోషి అదే. సీసాలో తేటగా ఉండి టానిక్ కలిపాకే కొద్దిగా మసకబారితే దాన్ని లోపంగా లెక్కపెట్టకండి.

చేదుగా, మాడువాసనతో వచ్చింది. కాయ తప్పా, బట్టీ తప్పా?

ముందు నానబెట్టిన స్పిరిట్ నమూనాను చూడండి. అందులోనే చేదుంటే పుల్లలో, పొడి చేయడమో, పాత సరకో కారణం. అందులో బాగుండి బట్టీ పట్టాకే వస్తే టెయిల్స్ (బట్టీలో ఆఖర్న దిగే భాగం) లోపలికి ఎక్కువ తీసుకున్నారు, లేదా మంట ఎక్కువై అడుగంటింది. జునిపర్‌లో దేవదారు, నిమ్మ వాసనలు ముందు దిగుతాయి, బరువైన బంకవాసనలు ఆఖర్న వస్తాయి. చివరి భాగాన్ని చిన్న చిన్న గ్లాసుల్లో విడిగా పట్టి, ఒక్కోదాన్ని నీళ్లు కలిపి వాసన చూస్తే ఎక్కడ ఆపాలో ముక్కే చెబుతుంది.

జునిపర్ వాసనే తెలియడం లేదు, బరువు పెంచేస్తే సరిపోతుందా?

కాయ పాతదైతే సరిపోదు. ఎగిరిపోయేవి తేలికైన వాసనలు, మిగిలేవి బరువైనవి. బరువు రెట్టింపు చేస్తే ఆ మిగిలినవే రెట్టింపవుతాయి, అంటే చేదు, మట్టివాసన. కాయ తాజాదని నమ్మకం ఉంటే ఏలకులు, దాల్చినచెక్క తగ్గించి చూడండి, జునిపర్ దానంతట అదే పైకి రావచ్చు.

కొత్త సంచి విప్పగానే రుచి మారిపోయింది, పాత రుచి మళ్లీ ఎలా?

రెండు లాట్‌ల నూనె శాతం తెలిస్తే లెక్క సులువు. పాత కాయలో 1.2 శాతం నూనె ఉన్నప్పుడు లీటరుకు 20 గ్రాములు వేశారనుకుందాం, కొత్త కాయలో 1.6 శాతం ఉంటే 15 గ్రాములు చాలు. పరిమాణం ఇలా సరిపడుతుంది, వాసన తీరు మాత్రం సరిపడకపోవచ్చు. అందుకే పాత సంచి పూర్తిగా అయిపోకముందే కొత్తది కొని, మొదట నాలుగో వంతు, తర్వాత సగం, అలా కలుపుకుంటూ మారండి. ప్రతి లాట్‌లోంచి 100 గ్రాములు సీలు వేసి, కోసిన ఏడు, కొన్న తేదీ రాసి పక్కన పెట్టండి. వచ్చే ఏడు కొత్త నమూనా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి చేతిలో కాయ ఉంటుంది.